ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలో శిక్షలు మార్చమని పౌరులు ఎవరిని, ఎలా అడగాలి?

గోస్తని (ప్రశ్న)

పాడేరు, చింతపల్లి, జి.కె.వీధి వైపు పనిచేసే కొన్ని మహిళా, యువజన సంఘాలు కలిసి గంజాయి కేసుల మీద ఒక వినతిపత్రం రాస్తున్నాయి. బాధ ఇదీ. కూలికి మూట మోసిన కుర్రాడు, ఆ మూట 20 కిలోలు దాటిందంటే చాలు, బెయిలు దొరక్క విశాఖ సెంట్రల్ జైల్లో ఏళ్లు గడుపుతున్నాడు. పెట్టుబడి ఇచ్చి పండించినవాడు, మైదానానికి తరలించి అమ్ముకున్నవాడు చాలాసార్లు కేసులో కనపడనే కనపడరు. ఇటు విశాఖలో, హైదరాబాదులో చిన్న పొట్లంతో దొరికిన కాలేజీ పిల్లాడికి ఆసుపత్రి కంటే ముందు పోలీస్ స్టేషన్ ఎదురవుతోంది.

ప్రస్తుతం చిత్తుప్రతిలో ఉన్న డిమాండు ఒక్కటే: "1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టాన్ని రద్దు చేయాలి." దీన్ని కలెక్టరు, ముఖ్యమంత్రి, ప్రధాని కార్యాలయాలకు పంపి, ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించాలని ఆలోచన. ఇది కేంద్ర చట్టం కదా, రాష్ట్రాన్ని అడిగి లాభం ఉందా? ఎంపీ ఏం చేయగలరు? లెక్కలు ఎక్కడ దొరుకుతాయి? ఆపైన, గంజాయికి వత్తాసు పలుకుతున్నారన్న ముద్ర పడితే ఊళ్లో పనిచేయడమే కష్టమవుతుంది. అది పడకుండా ఎలా అడగాలి?

వకాల్తా

గోస్తని గారూ, "రద్దు" అన్న మాట తీసేయండి. 1961, 1971, 1988 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందాల్లో మన దేశం ఉంది. మీరు ఏ శాఖకు పంపినా "అంతర్జాతీయ ఒప్పందాల దృష్ట్యా సాధ్యపడదు" అని ఒక్క వాక్యం రాసి ఫైలు మూసేస్తారు. ఆ వాక్యం రాయడానికి వీల్లేని డిమాండ్లు చాలా ఉన్నాయి. చట్టంలో ఏ కష్టం ఎక్కడ పుట్టిందో చూస్తే, దాన్ని మార్చే సంతకం ఎవరిదో తెలుస్తుంది.

మొదట పరిమాణాల సంగతి. గంజాయి 1 కిలో లోపు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. హెరాయిన్‌కి 5 గ్రాములు, 250 గ్రాములు. ఎండీఎంఏకి అర గ్రాము, 10 గ్రాములు. ఈ అంకెలు చట్టంలో లేవు. 2001 అక్టోబరు 19న కేంద్ర ఆర్థిక శాఖలోని రెవెన్యూ విభాగం ఇచ్చిన ఎస్.ఓ. 1055(ఇ) నోటిఫికేషన్‌లో ఉన్నాయి. వాటిని మార్చాలంటే పార్లమెంటు ఓటు అక్కర్లేదు, గెజిట్‌లో ఇంకో నోటిఫికేషన్ చాలు. 2009 నవంబరు 18న అలాగే ఒక నోటిఫికేషన్ ఇచ్చి, కలిపిన పిండి, పొడి సహా మొత్తం బరువునే లెక్కలోకి తీసుకోవాలన్నారు. 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

శిక్షలు మాత్రం చట్టంలోనివే. గంజాయికి 20వ సెక్షన్: చిన్న పరిమాణానికి ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. నడిమి పరిమాణానికి పదేళ్ల దాకా. వాణిజ్య పరిమాణానికి తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఇరవై, దానిపైన లక్ష నుంచి 2 లక్షల జరిమానా. అంటే 21 కిలోలు మోసిన కూలీకీ, లారీలో 2 వేల కిలోలు పంపిన యజమానికీ కనీస శిక్ష ఒకటే. ఈ అన్యాయం ఎక్కడుందో మీ వినతిపత్రంలో వేలు పెట్టి చూపించాలి. 2001 సవరణతో 32బి సెక్షన్ వచ్చింది. ఆయుధం వాడడం, మైనర్లను వాడుకోవడం లాంటివి ఉంటే కనీస శిక్షకు మించి వేయడానికి కోర్టు ఏమేం చూడాలో అందులో రాశారు. కనీసం నుంచి కిందికి దిగడానికి అలాంటి సెక్షన్ లేదు. మోసినవాడి పేదరికం, వయసు, మొదటి తప్పు, ముఠాలో అతని స్థానం చూసి జడ్జి మనసు కరిగినా, పదేళ్ల కంటే తగ్గించే అధికారం ఆయనకి లేదు. "32బి పక్కనే, పాత్ర చిన్నదైనప్పుడు కనీస శిక్ష కంటే తగ్గించే అధికారం కోర్టుకి ఇవ్వండి" అని అడగండి. ఇంగ్లండ్‌లో 2012 నుంచి మాదకద్రవ్యాల కేసుల శిక్షా మార్గదర్శకాల్లో నాయకత్వ పాత్ర, ముఖ్య పాత్ర, చిన్న పాత్ర అని మూడు మెట్లున్నాయి. వాళ్లూ ఆ ఒప్పందాల్లో ఉన్నవాళ్లే.

బెయిలుకి అడ్డం 37వ సెక్షన్. 19, 24, 27ఎ సెక్షన్ల కేసుల్లో, వాణిజ్య పరిమాణం కేసుల్లో, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయనీ, బయటికొస్తే మళ్లీ నేరం చేయడనీ కోర్టుకి నమ్మకం కలగాలి. విచారణే మొదలు కాకముందు ఆ నమ్మకం కలిగించడం ఎంత కష్టమో ఆలోచించండి. సాగు కేసులకు వర్తించే 20(ఎ) ఈ జాబితాలో లేదు. అందుకని అభియోగాల్లోకి 27ఎ (అక్రమ రవాణాకి డబ్బు పెట్టడం, నేరస్తులకి ఆశ్రయం ఇవ్వడం) ఎక్కిందా అన్నది ప్రతి ఫైల్లో చూడాలి. అది చేరితే కొద్ది సరుకు కేసుకీ 37 వచ్చి కూర్చుంటుంది. 36ఎ(4) ప్రకారం ఈ కేసుల్లో ఛార్జిషీటుకి 180 రోజుల గడువు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కారణాలు చూపిస్తే ఏడాది దాకా పొడిగించొచ్చు.

కోర్టులు కొంత దారి చూపాయి. 1994లో లీగల్ ఎయిడ్ కమిటీ వేసిన కేసులో, కనీస శిక్ష పదేళ్లున్న అప్పటి పెండింగు కేసుల్లో 5 ఏళ్లు లోపల గడిపినవాళ్లని లక్ష రూపాయల బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులతో వదలమంది సుప్రీంకోర్టు. 2023 మార్చిలో మహ్మద్ ముస్లిం కేసులో, విచారణ అతిగా ఆలస్యమైతే 37 ఉన్నా బెయిలు ఇవ్వొచ్చని చెప్పింది. కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్‌లోని 479వ సెక్షన్ ప్రకారం మొదటిసారి కేసులో చిక్కినవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే విడుదలకి అర్హుడు. లెక్క వేసి చూడండి: నడిమి పరిమాణానికి 3 ఏళ్ల 4 నెలలు, వాణిజ్య పరిమాణానికి 6 ఏళ్ల 8 నెలలు! అప్పుడు కూడా 37 ఉందని ప్రాసిక్యూషన్ అడ్డు చెబుతుంది. కాబట్టి 479 మీదే ఆశ పెట్టుకుంటే రెండో రకం వాళ్లకి ఆలస్యమైపోతుంది. ఆలస్యం మీద హైకోర్టుకి వెళ్లడమే దగ్గరి దారి.

ఇక చాలామందికి తెలియని చిన్న అడ్డంకి ఒకటుంది. బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టలేని పేద ఖైదీలకి 40 వేల దాకా, జరిమానా కట్టలేని శిక్షపడిన ఖైదీలకి 25 వేల దాకా ఇచ్చే పథకాన్ని కేంద్ర హోంశాఖ 2023లో తెచ్చింది (ఇవి అప్పటి హద్దులు). దాని మార్గదర్శకాల్లోనే ఎన్‌డీపీఎస్ కేసులవాళ్లకి వర్తించదని రాశారు. ఆ సాయం ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్లకే తలుపు వేశారు. దీన్ని తీసేయడానికి చట్టం మార్చక్కర్లేదు, నోటిఫికేషన్ కూడా అక్కర్లేదు. మీ వినతిపత్రంలో ఇది మొదటి డిమాండుగా పెట్టమని నా సలహా.

దరఖాస్తుదారు

లెక్కల సంగతి నేను చెబుతాను. వినతిపత్రంలో "ఎంతోమంది", "వేలాదిమంది" అని రాస్తే అధికారి దాన్ని పక్కన పెట్టేస్తారు. "ఫలానా తేదీ నాటికి ఫలానా జైల్లో ఇంతమంది, అందులో ఎస్టీలు ఇంతమంది, రెండేళ్లు దాటినవాళ్లు ఇంతమంది" అని వాళ్ల శాఖ సంతకంతోనే చూపిస్తే జవాబు ఇవ్వక తప్పదు.

ముందు ఖర్చు లేనివి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే క్రైమ్ ఇన్ ఇండియాలో ఎన్‌డీపీఎస్ కేసుల్ని సొంత వాడకం కోసం ఉంచుకున్నవి, రవాణా కోసం ఉంచుకున్నవి అని రాష్ట్రాలవారీగా విడదీస్తారు. ఆంధ్ర, తెలంగాణ రెండు వరుసలూ తీసి పక్కపక్కన పెట్టండి. ప్రిజన్ స్టాటిస్టిక్స్ ఇండియాలో ప్రత్యేక చట్టాల కింద ఉన్న విచారణ ఖైదీల పట్టికలు ఉంటాయి. ఈ-కోర్ట్స్ సైటులో చట్టం పేరుతో వెతకొచ్చు. విశాఖ కోర్టు సముదాయం ఎంచుకుని, ఎన్‌డీపీఎస్ అని పెట్టి, పెండింగు అన్నది నొక్కితే కేసుల జాబితా వస్తుంది. ఒక్కో కేసు తెరిస్తే వాయిదాల చరిత్ర ఉంటుంది. ఒక వంద కేసులు తీసుకుని, ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) నివేదిక రాక వాయిదా పడినవి, సాక్షి పోలీసు రాక పడినవి, ఎస్కార్టు లేక నిందితుడిని తేక పడినవి అని రాసుకోండి. ఆ పట్టిక ముందు ఏ ఉపన్యాసమూ నిలవదు. జాబితాలోంచి నచ్చినవి ఏరుకోకండి. ప్రతి ఐదో కేసు తీసుకుంటాం అని ముందే నిర్ణయించుకుని, ఆ పద్ధతిని పట్టిక కిందే రాయండి. లేకపోతే అవతలివాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

తర్వాత సమాచార హక్కు. నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరోకి దరఖాస్తు పెట్టి సమయం పోగొట్టుకోకండి. అది సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్లో ఉంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన తప్ప మిగతా సమాచారం ఇవ్వక్కర్లేదు. జైలు సూపరింటెండెంటు, జిల్లా ఎస్పీ కార్యాలయం, జిల్లా న్యాయసేవాధికార సంస్థ, ఎఫ్ఎస్ఎల్, ఈ నాలుగింటికీ విడివిడిగా పెట్టండి. రుసుము 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు నకలు జతచేస్తే అదీ లేదు. ఆంధ్రలో మండల స్థాయి కార్యాలయానికి 5 రూపాయలు, గ్రామ స్థాయికి రుసుమే లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కి రెండో అప్పీలు.

తిరస్కరణకి గురయ్యేది ఎక్కువగా ప్రశ్న అడిగే తీరు వల్లే. "ఎందుకు విడుదల చేయలేదు" అని అడిగితే అది సమాచారం కాదంటారు. "పదేళ్ల లెక్కలన్నీ తయారుచేసి ఇవ్వండి" అంటే 7(9) చూపించి, వనరులు మళ్లించలేమంటారు. ఇప్పటికే వాళ్ల దగ్గర ఉన్న కాగితాన్ని పేరు పెట్టి అడగండి. జిల్లాలో విచారణ ఖైదీల సమీక్షా కమిటీ ఉంటుంది. జిల్లా జడ్జి అధ్యక్షులు, కలెక్టరు, ఎస్పీ, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు సూపరింటెండెంటు సభ్యులు. ఆ కమిటీ ముందు పెట్టిన జాబితా, సమావేశం మినిట్సు కావాలనండి. ఇలా రాయొచ్చు:

"గత నాలుగు త్రైమాసికాల్లో విచారణ ఖైదీల సమీక్షా కమిటీ సమావేశాల మినిట్సు నకళ్లు, ఆ సమావేశాలకు జైలు నుంచి పంపిన జాబితాల్లో ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఉన్నవారి వరుసలు (పేర్లు, చిరునామాలు తొలగించి, జైలుకు వచ్చిన తేదీ, సెక్షన్లు, కోర్టు పేరు మాత్రం), బెయిలు మంజూరై 7 రోజులు దాటినా విడుదల కాని ఖైదీల సంఖ్య."

పేర్లు తొలగించమని మీరే రాస్తే, వ్యక్తిగత సమాచారం అని మొత్తం ఆపడానికి వీలుండదు, 10వ సెక్షన్ ప్రకారం మిగతాది ఇవ్వాలి. చివరి అంశం ఎందుకంటే, 2023 జనవరి 31న సుప్రీంకోర్టు బెయిలు మీద ఇచ్చిన ఆదేశాల్లో ఉంది: వారంలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెల దాటితే కోర్టే షరతులు సడలించే విషయం చూడొచ్చు. ఏజెన్సీలో ఇది ప్రాణం లాంటి విషయం. అక్కడ చాలా కుటుంబాలకి చూపించుకోవడానికి ఉన్న ఆస్తి అటవీ హక్కుల పట్టా ఒక్కటే. అది వారసత్వంగా వస్తుంది తప్ప అమ్మడానికి, బదిలీకి పనికిరాదు. అందుకని జామీనుగా చెల్లడం కష్టం.

ఓపీ చీటీ

వాడకందారుల వైపు రెండు మాటలు. 64ఎ సెక్షన్ గురించి చాలామంది "చికిత్సకి వెళ్తే కేసు ఉండదు" అని తేలిగ్గా చెప్పేస్తారు. అది మూడు చోట్ల జారిపోతుంది. ఒకటి, అది వ్యసనపరుడికే. చట్టం లెక్కలో వ్యసనపరుడంటే మత్తు పదార్థానికి లోబడి, అది లేకుండా ఉండలేనివాడు. పండక్కి ఒకసారి తాగిన కుర్రాడు వ్యసనపరుడు కాడు, అతనికి ఆ రక్షణ లేదు. అంటే తక్కువ వాడినవాడు కేసులో ఉంటాడు, ఎక్కువ వాడినవాడు బయటపడే వీలుంది! రెండు, చికిత్స ప్రభుత్వం గానీ స్థానిక సంస్థ గానీ నడిపే, లేదా గుర్తించిన కేంద్రంలోనే జరగాలి. ఊరి చివర బోర్డు పెట్టుకున్న ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రానికి లక్ష కట్టి చేర్చినా, గుర్తింపు లేకపోతే ఆ సర్టిఫికెట్ కోర్టులో నిలవదు. మూడు, మధ్యలో చికిత్స మానేస్తే రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. మత్తు రుగ్మతలో మళ్లీ మళ్లీ జారడం జబ్బు లక్షణమే. దాన్ని నేరంగా చూస్తే వైద్యం సాగదు.

రాష్ట్రాన్ని అడగాల్సింది ఇక్కడే ఉంది. 71వ సెక్షన్ కింద చికిత్సా కేంద్రాలు పెట్టే అధికారం రాష్ట్రానికి కూడా ఉంది. జిల్లాలో గుర్తించిన కేంద్రాల జాబితా ప్రతి స్టేషన్లో, ప్రతి మేజిస్ట్రేట్ కోర్టులో గోడకి అంటించమనండి. 27వ సెక్షన్ (వాడకం) కేసుల్లో, చిన్న పరిమాణం కేసుల్లో 64ఎ, 39 సెక్షన్ల సంగతి నిందితుడికి చెప్పినట్టు రిమాండు రిపోర్టులో ఒక గడి పెట్టమనండి. 39 ప్రకారం కోర్టు శిక్ష వేయకుండా, బాండు మీద చికిత్సకి పంపొచ్చు. ఇవన్నీ డీజీపీ సర్క్యులరుతో అయ్యే పనులు. సిక్కిం 2006లో సొంత చట్టమే తెచ్చుకుని, 2018 సవరణలో వాడకందారుల్ని చికిత్స వైపు మళ్లించింది. 2021లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కూడా సొంత వాడకానికి చిన్న పరిమాణం ఉంచుకోవడాన్ని నేరం కాకుండా చేయమని రెవెన్యూ విభాగానికి సిఫారసు చేసిందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఆ ఏడాది వచ్చిన సవరణ మాత్రం 27ఎలో దొర్లిన ముసాయిదా పొరపాటు దిద్దడంతోనే ఆగింది.

ఇంకో హెచ్చరిక. చికిత్స సిద్ధం చేయకుండా శిక్ష తీసేస్తే ఎదురు తిరుగుతుంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2020 నవంబరులో ప్రజల ఓటుతో సొంత వాడకానికి జైలు తీసేసి 100 డాలర్ల చలానా పెట్టింది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే అదీ మాఫీ. ఫోన్ చేసినవాళ్లు బహు కొద్దిమంది, చికిత్స కేంద్రాలకి డబ్బు ఆలస్యంగా వెళ్లింది, వీధుల్లో వాడకం చూసి జనం విసిగారు. 2024 సెప్టెంబరు 1 నుంచి మళ్లీ నేరమే అయింది. పోర్చుగల్ 2001 జులైలో అదే పని చేసి నిలబెట్టుకుంది. అక్కడ పది రోజుల సొంత వాడకానికి సరిపడేంత, అంటే గంజాయి 25 గ్రాముల దాకా దొరికితే కోర్టుకి కాకుండా వైద్య, సామాజిక సేవల మనుషులుండే కమిషన్ ముందుకి పంపుతారు. చికిత్స ముందే ఎదురుగా ఉంటుంది. అందుకే మీ పత్రంలో "శిక్ష తగ్గించండి" అన్న ప్రతిచోటా పక్కనే ఎన్ని పడకలు, ఎక్కడ, ఏ ఆసుపత్రిలో అన్నది కూడా రాయండి. గంజాయికి నల్లమందు జాతి మత్తుకి ఉన్నట్టు ప్రత్యామ్నాయ మాత్ర లేదు. కావలసింది శిక్షణ ఉన్న కౌన్సెలర్లు, మానసిక వైద్యులు. పాడేరు ఆసుపత్రికి ఏం అడగాలో దీన్ని బట్టి చూసుకోండి.

ఈ చట్టాన్ని పౌరులు మార్చగలరా అన్న అనుమానం ఉంటే మార్ఫిన్ కథ చదవాలి. 1985 తర్వాత ఒక ఆసుపత్రి క్యాన్సర్ రోగికి మార్ఫిన్ మాత్ర ఇవ్వాలంటే వేర్వేరు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు కావాలి, అన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి. ఒకటి గడువు తీరేలోపు ఇంకోటి వచ్చేది కాదు. పన్నెండేళ్లలో వైద్య వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. నొప్పితో అరుస్తూ చనిపోయినవాళ్లకి లెక్కే లేదు. దీని మీద పోరాటాన్ని కేరళ పాలియేటివ్ (నొప్పి ఉపశమన) వైద్యులు మొదలుపెట్టారు. 1998లో కేంద్రం రాష్ట్రాలకి నమూనా నిబంధనలు పంపింది, చాలా రాష్ట్రాలు పట్టించుకోలేదు, 2007లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, 2014లో పార్లమెంటు "అత్యవసర మాదకద్రవ్యాలు" అన్న కొత్త వర్గాన్ని చేర్చి దేశమంతటికీ ఒకే నిబంధన తెచ్చింది. ఇవాళ హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో రోగికి దొరికే ఉపశమనం వెనక ఆ ఓపిక ఉంది. అదే 2014 సవరణలో తప్పనిసరి మరణశిక్ష కూడా పోయింది. 2011లో ఇండియన్ హార్మ్ రిడక్షన్ నెట్‌వర్క్ అన్న పౌరసంస్థ వేసిన కేసులో బొంబాయి హైకోర్టు దాన్ని రాజ్యాంగవిరుద్ధమంది. పార్లమెంటు తర్వాత దాన్ని జడ్జి విచక్షణకి వదిలింది.

మెట్టపంట

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. 20 కిలోల హద్దు పెంచమని దయచేసి అడగొద్దు. హద్దు 50 చేస్తే ముఠావాడు 49 కిలోల మూట కట్టి అదే కుర్రాడి నెత్తిన పెడతాడు. ఊళ్లలో ఆడవాళ్లు మీ వెంట రారు, వాళ్లు చూసేది పిల్లల్ని.

బరువు తూచే తీరు మీద అడగండి. చట్టంలో 2(iii) ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ అందులోకి రావు. తోటలోంచి పీకిన మొక్కల్ని వేరు, కాండం, ఆకు, గోనెసంచితో సహా కాటా వేసి 22 కిలోలు అని రాస్తే, విడదీస్తే ఎంత ఉండేదో ఎవరికీ తెలియదు. విడదీసి తూచాలి, సంచి బరువు తీసేయాలి, ఆ రెండు అంకెలూ పంచనామాలో ఉండాలి. దీనికీ ఒక పోలీసు ఆదేశం చాలు.

సాగు గురించి కూడా రాయండి. 47వ సెక్షన్ ప్రకారం గంజాయి సాగు కనపడితే సర్పంచి, గ్రామాధికారి వెంటనే చెప్పి తీరాలి. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తనలో వేల ఎకరాలు నరికారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలు తగలబెట్టారు. నరికిన ఎకరంలో తర్వాత ఏం వేశారు, కాఫీ మొక్క కాపుకొచ్చే మూడు నాలుగేళ్లు ఆ ఇల్లు ఎలా గడిచింది అన్నది ఐటీడీఏని (గిరిజనాభివృద్ధి సంస్థని) అడగాలి. రాజ్‌మా, పసుపు కొనే చోటు, ధర, తేదీ రాసి గ్రామసభ తీర్మానం చేయించండి. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకి అధికారాలిచ్చే పెసా చట్టం ఉన్న ప్రాంతం, తీర్మానానికి విలువుంది. "గంజాయి పండించం, మా పిల్లల్ని మోతకి పంపం, పంపించినవాణ్ణి పట్టుకోండి, మోసినవాడి శిక్షని అతని పాత్రని బట్టి వేయండి" అని గ్రామసభే రాసిస్తే మీరు భయపడే ముద్ర ఎవరు వేయగలరు?

గ్యాలరీ పాస్

ఎంపీల సంగతి. ఆన్‌లైన్ సంతకాల సైటు మీద పెట్టిన లక్ష సంతకాలకి పార్లమెంటులో హోదా లేదు. లోక్‌సభకి పిటిషన్ వేసే పద్ధతి వేరే ఉంది. నిర్ణీత నమూనాలో, మర్యాదైన భాషలో, సంతకం చేసినవాళ్ల పేరు, చిరునామాతో ఉండాలి, ఒక ఎంపీ కౌంటర్ సంతకం చేసి సభలో సమర్పించాలి. తెలుగులో రాయొచ్చు, హిందీ గానీ ఇంగ్లీషు గానీ అనువాదం జతచేసి దాని మీదా సంతకం చేయాలి. ఉత్తరాలు, అఫిడవిట్లు, ఇతర కాగితాలు జతచేయకూడదు. లెక్కలన్నీ పిటిషన్ లోపలే రాయాలి. కోర్టులో నడుస్తున్న విషయమైతే తీసుకోరు. అందుకని ఒక్క ఖైదీ కేసు కూడా అందులో పేరు పెట్టి చెప్పకండి.

దానికంటే ముందు ప్రశ్న వేయించండి. ఇది చవక, వేగం. ఎంపీ కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రశ్న 150 పదాలు మించకూడదు. నక్షత్రం లేని ప్రశ్న చాలు, లిఖితపూర్వక జవాబు వస్తుంది, అది రికార్డు. తప్పు జరిగేది శాఖని ఎంచుకునే దగ్గర. పరిమాణాలు, చట్ట సవరణ ఆర్థిక శాఖకి. పేద ఖైదీల పథకం, జైళ్ల లెక్కలు హోంశాఖకి. చికిత్సా కేంద్రాలు సామాజిక న్యాయ శాఖకి. మూడూ ఒకే ప్రశ్నలో కలిపితే ఏదో ఒక శాఖ మిగతా రెండూ మావి కావంటుంది. అరకు ఎంపీ ఒకటి, విశాఖ, అనకాపల్లి ఎంపీలు చెరొకటి వేస్తే ఒకే సమావేశంలో మూడు జవాబులు చేతికొస్తాయి.

ప్రైవేటు బిల్లు మీద పెద్ద ఆశ వద్దు. ప్రైవేటు సభ్యుడి బిల్లు చట్టమైంది చివరిసారి 1970లో. చర్చకి మాత్రం పనికొస్తుంది. 2014 నాటి ముందస్తు సంప్రదింపుల విధానం ప్రకారం కొత్త బిల్లు ముసాయిదాని కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. రెవెన్యూ విభాగం సైటు చూస్తూ ఉండండి. ముసాయిదా వచ్చిన రోజున మీ సవరణ వాక్యం మీ దగ్గర సిద్ధంగా ఉండాలి, అభిప్రాయం కాదు, చట్టం భాషలో రాసిన వాక్యం.

గోస్తని

అందరికీ ధన్యవాదాలు. "రద్దు" తీసేస్తున్నాం. ఇప్పుడు రెండు సందేహాలు. వరుస ఎలా పెట్టుకోవాలి? ఊరేగింపు చేయాలా వద్దా?

వకాల్తా

వరుస: మొదట సమాచార హక్కు దరఖాస్తులు, ఎందుకంటే 30 రోజులు ఆగాల్సింది వాటికే. ఆ నెలలో ఈ-కోర్ట్స్ పట్టిక, గ్రామసభ తీర్మానాలు. జవాబులు రాగానే న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శిని కలవండి. ఎస్టీలకి, మహిళలకి, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, 15100 నంబరు. బెయిలొచ్చి లోపలే ఉన్నవాళ్ల జాబితా ఆ కార్యదర్శి చేతికే ఇవ్వండి, వాళ్లలో కొందరైనా ఈ లోపే ఇంటికి వస్తారు. చట్టం మారేదాకా వాళ్లు ఆగనక్కర్లేదు. ఆ తర్వాత రాష్ట్రానికి సర్క్యులర్ల కోసం ఒక పత్రం, హోంశాఖకి పథకం కోసం ఒకటి, రెవెన్యూ విభాగానికి 32బి కోసం ఒకటి. ఒక్కో పత్రం రెండు పేజీలు మించొద్దు.

ఊరేగింపు చేస్తే అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, బీఎన్ఎస్ఎస్ 163 కింద గుమికూడొద్దన్న ఉత్తర్వులు అమల్లో ఉన్నాయేమో చూసుకోండి. చట్టం మార్చమని అడగడం నేరం కాదు. అయితే గంజాయి ఆకు బొమ్మ ఉన్న బ్యానరు ఒక్కటి కూడా వద్దు, మీ వాళ్లలో ఎవరి జేబులోనూ ఏమీ ఉండకూడదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు డబ్బు పంపుతామంటే ముందు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) సంగతి ఆడిటర్ని అడగండి. చాలా సంఘాలు నలిగిపోయేది అక్కడే. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు ఆ చట్టం కిందికి వస్తుంది, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి పంపితే రాదు.

దరఖాస్తుదారు

ఖైదీల పేర్లున్న కాగితం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఒక పుస్తకంలో రాసి ఒకరి దగ్గరే ఉంచండి. ముఠాలు కూడా ఆ జాబితా కోసం చూస్తాయి. ఇంకోటి, జైలుకి పెట్టే దరఖాస్తు రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచండి. జవాబుకి 30 రోజుల లెక్క మొదలయ్యేది ఆ కార్యాలయానికి అందిన తేదీ నుంచే.